పీచు తీసిన లెక్క

నేను లెక్కల టీచర్ని. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇందులో తప్పు చేసింది అంకెలు రాని మనిషి అనుకునే వీలు ఎవరికీ ఉండకూడదు. పాతికేళ్ళుగా బెంగాల్లో, ఖరగ్‌పూర్‌లో ఒక స్కూల్లో పిల్లలకి శాతాలు, సగటులు చెబుతున్నాను. లెక్క తప్పిన పిల్లల్ని నిలబెట్టి మరీ చీవాట్లు పెడతాను. అలాంటి నేను నా వంటింట్లో, నా చేత్తో గీతలు గీసుకున్న నోటుపుస్తకంలో, ఏడు నెలలపాటు రోజూ ఒకే తీసివేత తప్పుగా చేశాను. తప్పు నాది. మాట పడింది మా మావగారు.

ఆయన రైల్వే వర్క్‌షాపులో పెయింటరుగా చేసి రిటైరయ్యారు. పెయింటరంటే గోడలకి రంగులు వేసే పని కాదు. రిపేరు పూర్తయిన గూడ్సు పెట్టెని ఖాళీగా తూకం వేస్తారు. ఆ ఖాళీ బరువుని టేరు అంటారు. దాన్ని పెట్టె పక్కన తెల్లరంగుతో రాయడం ఆయన పని. సరుకు నింపాక మొత్తం తూచి, అందులోంచి టేరు తీసేస్తే లోపలి సరుకు బరువు తెలుస్తుంది. అది నెట్టు. "టేరు తప్పు రాసినామంటే ఆ బండి ఎల్లినకాడల్లా తప్పే మోస్తాది" అనేవారు. ఇంట్లో చాకలి పద్దు రాసినా అంకెలు అచ్చు గూడ్సు పెట్టె మీద ఉన్నట్టే రాసేవారు, నిటారుగా, ఒక్కో అంకెకీ మధ్య సమానమైన ఖాళీ వదిలి.

మా అత్తగారు పోయాక ఆయనకి ఉన్న సరదా ఒక్కటే. సాయంత్రం నాలుగున్నరకి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఝపటాపూర్‌లో మా వీధి మలుపులో ఉన్న దీదీ టీ కొట్టుకి వెళ్ళడం. అక్కడ బెంచీ మీద ఆయనలాగే రిటైరైనవాళ్ళు ముగ్గురు నలుగురు ఉండేవారు. ఒకే వర్క్‌షాపు, ఒకే సైరను, ఒకే కబుర్లు. వీధి దీపాలు వెలిగే వేళకి తిరిగొచ్చేసేవారు. దీదీ బెంగాలీ మనిషి. రైల్వే పనికి వచ్చిన మా తెలుగువాళ్ళ క్వార్టర్ల పక్కనే పుట్టి పెరగడం వల్ల తెలుగు మాకంటే ఎక్కువ మాట్లాడుతుంది. ఆవిడ కొట్లో టీతోపాటు మూరీ, మన బంగాళాదుంప బొండాలాంటి ఆలూ చాప్ కూడా ఉంటాయి. మరమరాలని ఇక్కడ అందరం మూరీ అనే అంటాం. ఉల్లిపాయ, ఆవనూనె, పచ్చిమిరపకాయ వేసి కలిపిన మూరీ, దాని మీద వేడి వేడి చాప్ నలిపి పెడితే కాదనే మనిషి ఈ ఊళ్ళో లేడు.

మావగారికి షుగర్ ఉందని మలంచా రోడ్డులో డాక్టరుగారు చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. మాత్రలు రాశారు. "తిండి దారిలో పెట్టండి. మూడు నెలల్లో తగ్గకపోతే ఇన్సులిన్ మొదలుపెడదాం" అన్నారు. ఆ మాట వినగానే మావగారి మొహం పాలిపోయింది. అత్తగారికి చివరి రెండేళ్ళూ ఇన్సులిన్ ఇచ్చింది ఆయనే. ఆవిడ పొట్ట మీద సూది గుర్తులు రోజూ చూసిన మనిషి. ఆటోలో వచ్చేటప్పుడు నా వైపు తిరిగి, "సూది వొద్దమ్మా. నువ్వేటి పెడితే అది తింతాను, ఏటి మానీమంటే అది మానీస్తాను. సూది మాత్రం వొద్దు" అన్నారు. నేను ఆయన చెయ్యి నొక్కి, "నాను సూసుకుంతాను మావయ్యా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు ఎంత గర్వంగా అన్నానో.

నాకు ఏ పనైనా పట్టుకుంటే ఒక పూనకం. వారం రోజులు ఫోన్లో వీడియోలు చూశాను. నెట్ కార్బ్ అనే మాట అక్కడే దొరికింది. పిండిపదార్థం, చక్కెర, పీచు అన్నీ కలిపితే మొత్తం కార్బోహైడ్రేట్. ఇందులో పీచు మనకి అరగదు, రక్తంలోకి చక్కెరగా దిగదు. కాబట్టి మొత్తంలోంచి పీచు తీసేస్తే మిగిలిందే షుగర్ మనిషి లెక్కపెట్టుకోవలసింది. ఆహా, ఇంత తేలికా అనుకున్నాను. గోల్‌బజార్లో గ్రాములు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొన్నాను. మన దేశపు తిండి పదార్థాల్లో ఏమేం ఎంతెంత ఉంటాయో చెప్పే లావుపాటి పట్టిక ఒకటి తోటి టీచరు దగ్గర ఉంటే అడిగి తెచ్చుకుని, ప్రేమ్ బజార్లో స్టూడెంట్లు వెళ్ళే కొట్లో జిరాక్సు తీయించాను. మొత్తం పుస్తకం ఎందుకని, అంకెలున్న పేజీలు మాత్రమే. రెండొందల పేజీల నోటుపుస్తకంలో అయిదు నిలువు గడులు గీశాను. పదార్థం, బరువు, కార్బోహైడ్రేట్, పీచు, నెట్.

మొదటిరోజు పొద్దున్నే మావగారిని వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాను.

"ఇలా సూడండి మావయ్యా. శనగల్లో కార్బోహైడ్రేట్ ఇది. పీచు ఇది. పీచు మన ఒంటికి పట్టదు, వచ్చినట్టే ఎల్లిపోద్ది. దాన్ని తీసీస్తే మిగిలిందే మనం లెక్కెట్టుకోవాల."

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని కాసేపు ఆలోచించారు. "అయితే పీచు టేరన్నమాట."

"అదే! టేరు తీసీస్తే నెట్టు."

నాకు ముచ్చటేసింది. మా తొమ్మిదో క్లాసు పిల్లలకి అర గంట పట్టేది ఈయనకి అర నిమిషంలో ఎక్కింది. ఆయన అంతటితో ఊరుకోలేదు. జిరాక్సు కాగితం కళ్ళకి దగ్గరగా పట్టుకుని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశారు.

"అమ్మా, మరి ఈళ్ళు రాసింది గ్రాసా, నెట్టా?"

"ఏటి?"

"టేరు తియ్యక ముందు తూకమా, తీసీసినాక తూకమా అని. ఎక్కడా రాయలేదు కదా. మా షాపులోనైతే రాసుంటాది."

కుక్కరు కూత వేస్తోంది. నాకు స్కూలుకి టైమైపోతోంది. "మావయ్యా, ఇది బండి కాదు, తిండి. మీరు రంగులేసుకోండి, లెక్కలు నాకొదిలీండి" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆయనా నవ్వి, "సరేనమ్మా" అని కాగితం జాగ్రత్తగా మడతపెట్టి నా చేతికిచ్చారు. ఆ రోజు ఆ ప్రశ్నకి రెండు నిమిషాలు ఆగి ఉంటే ఇదంతా రాయవలసిన పని ఉండేది కాదు. కుక్కరు కట్టేస్తే ఆగేది. స్కూలుకి పది నిమిషాలు ఆలస్యమైతే హెడ్‌మిస్ట్రెస్ ఒక మాట అనేది, అంతే.

లెక్కలు మొదలయ్యాయి. నూరు గ్రాముల ఎండు శనగల్లో కార్బోహైడ్రేట్ ముప్పై తొమ్మిదిన్నర, పీచు పాతిక. తీసేస్తే పద్నాలుగున్నర. నేను ఎగిరి గంతేశాను. బియ్యంలో డెబ్బై ఎనిమిది ఉంటే శనగల్లో పద్నాలుగున్నరేనా! ఇంకనేం, కడుపు నిండా పెట్టొచ్చు. చోళ్ళలో, అంటే రాగుల్లో, అరవై ఏడు, పీచు పదకొండు, తీసేస్తే యాభై ఆరు. గోధుమపిండికీ అలాగే. ఎండు బఠాణీలు ఉడికించి చేసే ఘుగ్నీ కూర అయితే మరీ నయం. అన్నం దాదాపు మానిపించేశాను. పొద్దున్న చోడి అంబలి, మధ్యాహ్నం రెండు రొట్టెలూ కూరా, సాయంత్రం ఇంట్లో చేసిన ఘుగ్నీ, రాత్రికి గిన్నెడు ఉడికించిన శనగలు. ఏ పూటకా పూట కాటా మీద పెట్టి, నోట్లో రాసుకుని, కింద ఎర్ర ఇంకుతో మొత్తం వేసేదాన్ని. చూస్తే ఎంత అందంగా ఉండేదో ఆ పుస్తకం.

"గుర్రానికి పెట్టినట్టు పెడతన్నావు కదమ్మా" అనేవారు మావగారు శనగల గిన్నె చూసి.

"గుర్రానికి షుగరుండదు. తినండి."

"ఇన్ని తిన్లేను."

"అన్నం లేదు కదా మావయ్యా, మరి బలమెక్కణ్ణించొస్తాది? తినీండి, తినీండి. నెట్టు తక్కువే."

తినేసేవారు. వద్దంటూనే, నీళ్ళు తాగి మింగుతూ, గిన్నె ఖాళీ చేసేవారు. నేను పెట్టింది తింటానని ఆటోలో మాట ఇచ్చారు కదా. ఆకలి లేని మనిషికి నేనే కూర్చుని తినిపించాను.

నెల తిరిగింది. భోజనమైన రెండు గంటలకి వేలు గుచ్చి మీటరులో చూస్తే అంకె దిగలేదు. దిగకపోగా కొన్ని రోజులు మొదటికంటే ఎక్కువే. నేను మళ్ళీ మళ్ళీ నోటుపుస్తకం చూసుకున్నాను. గుణకారాలు సరిగ్గా ఉన్నాయి. కూడికలు సరిగ్గా ఉన్నాయి. తీసివేతలు సరిగ్గా ఉన్నాయి. లెక్క సరిగ్గా ఉండి జవాబు తప్పుగా వస్తోందంటే, లెక్కలోకి రానిది ఏదో లోపలికి పోతోందన్నమాట.

"నాన్న దీదీ కొట్లో మూరీ లాగించేస్తన్నాడేమో" అన్నారు మా ఆయన ఒకనాడు సరదాకి. ఆయనకి ప్రతిదీ సరదాయే. ఆ మాట నాకు పట్టుకుంది. అంతే కదా, ఇంట్లో తినేదంతా నేను తూచి పెట్టేదే, ఆ గంటన్నరే కదా నా లెక్కలోకి రానిది.

తరవాతి ఆదివారం బట్టలు నానబెడుతూ ఆయన చొక్కా జేబు తిరగేస్తే ఆరేడు మూరీ గింజలు రాలాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. వాటిని అరచేతిలో పోసుకుని వరండాలోకి వెళ్ళాను.

"ఇదేటి మావయ్యా?"

"మూరీ."

"మూరీ అని నాకూ తెల్సు. మీ జేబులోకి ఎలాగొచ్చినాయి?"

"దీదీ కొట్టుకాడ ముసలి కుక్కొకటుంది కదమ్మా. దానికేస్తాను."

"కుక్కకి మూరీయా? కుక్కలు బిస్కట్లు తింతాయి గానీ మూరీ తింతాయేటి?"

"అది తింతాది. పళ్ళూడిపోనాయి దానికి. టీలో తడిపి యేస్తాను."

నేను నవ్వాను. క్లాసులో హోంవర్కు పుస్తకం పోయిందని చెప్పే పిల్లల ముందు నవ్వే నవ్వు అది, ఆ నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆయన నా మొహంలోకి చూసి, "నాను తిన్లేదమ్మా" అన్నారు. ఒట్టు పెట్టలేదు, దేవుడి మీద ఆన పెట్టలేదు, గొంతు పెంచలేదు. ఒక్కసారి చెప్పారు. ఒకసారి తూచిన బండికి రెండోసారి తూకం అక్కర్లేదన్నట్టు చెప్పారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి కోడలి ముందు అలా నిలబడవలసి రావడం ఎంత నామోషీయో నాకు ఆ క్షణాన తోచనేలేదు. తోచిందల్లా ఒకటే, దొరికారు.

మర్నాడు స్కూలు నుంచి ఇంటికి రాకుండా, భుజాన బ్యాగుతోనే తిన్నగా దీదీ కొట్టుకి వెళ్ళాను. మావగారూ ఆయన స్నేహితులూ బెంచీ మీద ఉన్నారు. దీదీ మూకుట్లో చాప్‌లు తిప్పుతోంది.

"దీదీ, మా మావయ్యకి షుగరు. మూరీ, చాప్, జిలేబీ, ఏదీ ఇవ్వకు. ఆయన అడిగినా సరే ఇవ్వకు. ఇచ్చినావని తెలిస్తే నాను ఊరుకోను."

బెంచీ మీద నవ్వులు. "ఏటి గురూ, పక్డా గయా, దొరికిపోనావు! కోడలు సిగ్నలేసీసింది" అన్నారొకరు. ఇంకొకాయన మావగారి వీపు మీద చరిచారు. దీదీ చేతిలో గరిటె ఆపి, "బౌదీ, శోనో..." అని ఏదో చెప్పబోయింది. శోనో అంటే విను, బౌదీ అంటే వదిన. నన్ను ఎప్పుడూ అలాగే పిలుస్తుంది. నేను చెయ్యి ఎత్తి ఆపేశాను. "నాకేటీ సెప్పకు దీదీ. నాకన్నీ తెల్సు."

మావగారు తల ఎత్తలేదు. చేతిలో చక్కెర లేని టీ ఉంది. దాన్ని చివరిదాకా తాగి, మట్టి కప్పు డబ్బాలో వేసి, లేచి నా వెనకే ఇంటికి వచ్చారు. దారి పొడుగునా నేనే మాట్లాడాను. అంతా ఆయన మంచికే అని చెప్పాను. ఆయన "అవునమ్మా" అన్నారు.

ఆ మర్నాటి నుంచి కొట్టుకి వెళ్ళలేదు. నాలుగున్నరకి అలవాటుగా ఇస్త్రీ చొక్కా తొడుక్కునేవారు. తొడుక్కుని వరండాలో కుర్చీలో కూర్చునేవారు. స్నేహితులు ఒకటి రెండుసార్లు వచ్చి పిలిచారు. మోకాళ్ళ నొప్పులన్నారు. నాకు లోపల్లోపల తృప్తిగానే ఉండేది, దాచుకోను. ఇక చూడాలి షుగర్ ఎలా దిగదో అనుకున్నాను.

దిగలేదు. ఇప్పుడు మీరంటారు, అప్పుడైనా తెలియలేదా అని. కొట్టుకి వెళ్ళడం మానేసినా అంకె దిగలేదంటే తప్పు కొట్లో లేదని చంటిపిల్లకైనా తెలియాలి. నాకు తెలిసింది వేరు. ఇంట్లోనే దొంగతనంగా తింటున్నారని తెలిసింది! మా ఆయన రాత్రి డ్యూటీకి పట్టుకెళ్ళే బిస్కట్ల డబ్బా, అటుకుల డబ్బా, బెల్లం, అన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి తాళంచెవి స్కూలు బ్యాగులో వేసుకు తిరిగాను. ఆయన ఎదురుగానే తాళం వేశాను. మీటరుని నమ్మాను, కాటాని నమ్మాను, పట్టికని నమ్మాను, నా బుర్రని అన్నిటికంటే ఎక్కువగా నమ్మాను. నమ్మనిది ఒక్క ఆయన మాటనే.

మూడు నెలలు దాటాక డాక్టరుగారు ఇన్సులిన్ రాశారు. మొదటిరోజు సూది నేనే వేశాను. మావగారు చొక్కా ఎత్తుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నారు. నేనే ఊరుకోలేక, "మీరు నా మాట వినుంటే ఇది తప్పేది మావయ్యా" అన్నాను. ఇంకా ఎన్నో అన్నాను ఆ నెలల్లో. అన్నిటిలోకీ నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ మాటే. ఆయన అప్పటిదాకా చేసిందల్లా నా మాట వినడమే కదా.

తప్పు ఎలా తెలిసిందంటే, నవ్వొస్తుంది. ఎనిమిదో క్లాసు పరీక్ష పేపరు తయారుచేస్తున్నాను. వృత్తాన్ని ముక్కలు చేసి శాతాలు చూపించే లెక్క ఒకటి కావాలి. చేతికి దగ్గరలో తిండి పట్టిక ఉంది కదా, నూరు గ్రాముల శనగల్లో ఏమేం ఉన్నాయో బొమ్మ గీయమందాం అనుకున్నాను. నీరు తొమ్మిది. ప్రొటీను పంతొమ్మిది. కొవ్వు అయిదు. బూడిద మూడు. కార్బోహైడ్రేట్ ముప్పై తొమ్మిదిన్నర. పీచు కార్బోహైడ్రేట్‌లోనే ఉంది కనుక దాన్ని విడిగా కలపక్కర్లేదు. కూడితే డెబ్బై అయిదున్నర.

వంద గ్రాముల శనగల్లో మిగతా పాతిక గ్రాములు ఏమైనట్టు?

మళ్ళీ కూడాను. మళ్ళీ డెబ్బై అయిదున్నర. పక్క గడిలో పీచు పాతిక. దాన్ని కలిపాను. చిల్లర అటూ ఇటూగా వంద. చోళ్ళ వరస కూడాను. పీచు కలిపితేనే వంద. గోధుమపిండి, బఠాణీలు, కందిపప్పు, ఏ వరస కూడినా అంతే. పట్టిక వాళ్ళు పీచుని ముందే విడదీసి పక్కన రాశారు. ముప్పై తొమ్మిదిన్నర అంటే పీచు పోగా మిగిలింది. నేను రోజూ దాంట్లోంచి పీచుని మళ్ళీ తీసేస్తున్నాను. పద్నాలుగున్నర అనుకుని ముప్పై తొమ్మిదిన్నర పెడుతున్నాను.

మర్నాడు తోటి టీచరు దగ్గర అసలు పుస్తకం తీసుకుని ముందు పేజీలు చూశాను. కార్బోహైడ్రేట్ అంకెలో పీచు కలపలేదని అక్కడ రాసే ఉంది. వీడియోల్లో వాళ్ళది వేరే దేశం. వాళ్ళ డబ్బాల మీద కార్బోహైడ్రేట్‌లో పీచు కలిసే ఉంటుంది కనుక వాళ్ళు తీసెయ్యాలి. మా పట్టికలో అక్కర్లేదు. పద్ధతి అక్కడిది, అంకెలు ఇక్కడివి. రెంటినీ కలిపి కుట్టింది నేను. నేను జిరాక్సు తీయించని పేజీలో ఉంది ఆ మాట. గ్రాసా, నెట్టా? ఆయన అడిగింది అదే.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడ్డానని రాయగలిగితే ఎంత బాగుండేది. పడలేదు. కొత్త నోటుపుస్తకం తీశాను. తిండి తగ్గిస్తున్నానని డాక్టరుగారికి చెప్పి, ఎందుకో మాత్రం చెప్పకుండా, శనగలు, అంబలి, ఘుగ్నీ సగానికి సగం కోసేసి, కూరలూ చేపా పెంచాను. ఇరవై రోజుల్లో అంకెలు దిగాయి. డాక్టరుగారు ముందు ఇన్సులిన్ తగ్గించారు, తరవాత మాన్పించేశారు.

ఇంట్లో పండగ. మా ఆయన కంచం ముందు కూర్చుని, "సూసినావా! నాన్న దొంగతిండి మానీసినాడు, షుగర్ దెబ్బకి దిగింది. ఎప్పుడో మానీసుంటే పోయేది కదా నానా" అన్నారు నవ్వుతూ. నేను వడ్డిస్తున్నాను. మావగారు తల వంచుకుని రొట్టె తుంచుతున్నారు. అప్పుడే చెప్పాలి. నోటిదాకా వచ్చింది. లెక్కల టీచరు తీసివేత తప్పిందని చెప్పాలి, ఇన్ని నెలలు మిమ్మల్ని ఉత్తపుణ్యానికి దొంగని చేశానని చెప్పాలి. గరిటె చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

"శనగలు తగ్గినాయమ్మా" అన్నారాయన గిన్నెలోకి చూసి.

"డాక్టరుగారు తగ్గించమన్నారు మావయ్యా" అన్నాను.

ఆయన నన్నొకసారి చూశారు. "మంచిది. అప్పుడప్పుడు తూకం మళ్ళీ సూసుకోవాల" అన్నారు. ఆయనకి తెలిసిపోయిందో, ఊరికే అన్నారో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేకపోయింది. చెబుదాం, మంచి సమయం చూసుకుని చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. బీరువా తాళం తీసేశాను. "కొట్టుకి ఎల్లండి మావయ్యా, ఇప్పుడు బాగున్నాది కదా" అన్నాను. "ఇప్పుడెందుకులేమ్మా" అన్నారు.

ఆ చలికాలం వెళ్ళకముందే ఒక మధ్యాహ్నం వరండా కుర్చీలోనే గుండె ఆగి పోయారు. ఇస్త్రీ చొక్కా అప్పటికి తొడుక్కోలేదు. షుగరుకీ దీనికీ సంబంధం లేదన్నారు డాక్టరుగారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోగా, కన్నకూతురైనా అలా చూడదని వచ్చినవాళ్ళందరూ పొగిడి వెళ్ళారు.

మా వాళ్ళలో పెద్దదినం నాడు పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి ఫొటో ముందు పెడతారు. ఆ పొద్దున్న చుట్టాలతో ఇల్లు నిండి ఉంది. "నాన్నకి అన్నిటికంటే ఇష్టం మూరీ, చాప్. నా పెళ్ళానికి కనబడకుండా ఎన్నిసార్లు లాగించీసినాడో!" అన్నారు మా ఆయన. కళ్ళల్లో నీళ్ళు, నోట్లో నవ్వు. అందరూ నవ్వారు. కథ అప్పటికే అందరికీ తెలుసు. ఆయన జేబులో మూరీ దొరకడం, కుక్క మీద పెట్టి తప్పించుకోబోవడం, నేను కొట్టుకి వెళ్ళి హడలగొట్టడం. ముద్దుగా చెప్పుకుంటున్నారు. నేను వెళ్ళి తెస్తానని బయటపడ్డాను. ఆ నవ్వుల మధ్య నిలబడలేకపోయాను.

దీదీ పొద్దున చాప్‌లు వేయదు. కాకూ కోసమనగానే పొయ్యి వెలిగించింది. మావగారిని కాకూ అనేది, బాబాయిని పిలిచినట్టు. బెంచీ కింద బొచ్చు రాలిన ముసలి కుక్క ఒకటి పడుకుని ఉంది. దీదీ చాప్‌లు పొట్లం కడుతూ అంది.

"బౌదీ, ఒకటి సెప్పనా? కాకూ షుగరొచ్చినాక ఇవి ముట్టలేదు. నేనే పెట్టబోయినాను, ఒక్కటి తినండి కాకూ, ఏటీ అవ్వదు అన్నాను. వొద్దు దీదీ, కోడలికి మాటిచ్చినాను అన్నాడు. మూరీ కొని ఈ కుక్కకి టీలో నానబెట్టి ఏసీవోడు."

తెలిసిన సంగతే. అయినా ఇంకొకరి నోట వినడం వేరు. "అప్పుడే నాకెందుకు సెప్పలేదు దీదీ?" అన్నాను. సిగ్గు లేకుండా అడిగాను.

ఆవిడ కోపంగా అనలేదు. చేతులు కొంగుకి తుడుచుకుంటూ అంది. "నువ్వు అడగనేదు కదా బౌదీ. సెప్పి ఎల్లిపోనావు."

పొట్లం పట్టుకుని ఇంటికొచ్చాను. ఆకు పరిచి ఉంది. ఆయన ఫొటోలో ఇస్త్రీ చొక్కాతో ఉన్నారు. మా ఆయన పొట్లం అందుకోబోతే ఇవ్వలేదు. అందరూ వినేలా, "ఆయన తిన్లేదు. లెక్క నాను తప్పినాను. ఆయన ఒక్క మూరీ గింజైనా తిన్లేదు" అన్నాను. విజయనగరం నుంచి వచ్చిన మావగారి అప్పగారు లేచి వచ్చి నా తల నిమిరింది.

"మంచి కోడలివమ్మా. పోయినోల్ని ఎనకేసుకొస్తన్నావు."

నేను లోపలికెళ్ళి పాత నోటుపుస్తకం తెచ్చాను. గడులు చూపించాను, పీచు గడి చూపించాను, రెండుసార్లు తీసేశానని చెప్పాను. మా ఆయన పేజీలు తిప్పారు. ఏడు నెలలు, మూడు పూటలా, ఎర్ర ఇంకు మొత్తాలు. ఆయన కళ్ళు మళ్ళీ నిండాయి. "నాన్న కోసం ఎంత కష్టపడినావు!" అని పుస్తకాన్ని చుట్టాల చేతికి అందించారు. ఒకరి తరవాత ఒకరు చూసి, తలలు ఊపి, నా చేతికి తిరిగిచ్చారు. నేను నిజం ఒక్కసారి చెప్పాను. మావగారి లాగే. ఎవరూ నమ్మలేదు.

ఇప్పటికి రెండు సంవత్సరీకాలు అయ్యాయి. రెండుసార్లూ మా ఆయన దీదీ కొట్టు నుంచి మూరీ, చాప్ తెచ్చారు. రెండుసార్లూ ఆ దొంగతిండి కథ చెప్పుకుని అందరూ ప్రేమగా నవ్వుకున్నారు. ఆకులో మూరీ వడ్డించేది నేనే, ఇంటికి ఒక్కగానొక్క కోడల్ని కదా.